తాగుడూ మానసిక జబ్బూ రెండూ ఉన్నవాళ్లకు తోడు గ్రూపు: మీ ఊళ్లో మొదలుపెట్టడం ఎలా

తాగుడు మానాలని ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్లు తామే నడుపుకునే గ్రూపు) మీటింగ్‌కు వెళ్లిన మనిషి అక్కడ తన తాగుడు గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. రాత్రిపూట ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపిస్తున్నాయని, అవి వినపడకూడదనే తాగుతున్నానని చెప్పడానికి మాత్రం నోరు రాదు. అదే మనిషి సైకియాట్రీ ఓపీకి వెళ్తే మాటలు వినిపిస్తున్న సంగతి చెప్పి, రోజూ క్వార్టర్ పడందే నిద్ర పట్టదన్న సంగతి దాచేస్తాడు. ‘ముందు అది మానేసి రా’ అంటారని భయం. రెండు చోట్లా సగం నిజమే చెబుతాడు కాబట్టి రెండు చోట్లా సగం సాయమే దొరుకుతుంది.

ఆ రెండు సంగతులూ ఒకే గదిలో చెప్పుకునే చోటు ఒకటి మీ ఊళ్లో ఏర్పాటు చేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. మీకు డిప్రెషన్, బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు), విపరీతమైన టెన్షన్ లాంటివి ఏవైనా ఉండి, వాటితోపాటు మద్యమో, కల్లో, గంజాయో, నిద్రమాత్రలో వదలకుండా పట్టుకుని ఉంటే ఇది మీకోసమే. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లూ, ఊళ్లో పనిచేసే కౌన్సెలర్లూ కూడా చదవచ్చు. కానీ గ్రూపును నడపాల్సింది ఆ రెండూ అనుభవించినవాళ్లేనని నా గట్టి నమ్మకం.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టింది. మాత్రలు వేసుకునేవాళ్లకు అక్కడ కొన్ని గ్రూపుల్లో ఇబ్బంది ఎదురవుతూ వచ్చింది. ‘అదీ మత్తే కదా, అది కూడా మానెయ్’ అనేవాళ్లు ఉండేవారు. నిజానికి సభ్యులెవరూ డాక్టర్ల పని చేయకూడదని ఏఏ తన సొంత కరపత్రంలోనే రాసుకుంది. అయినా ఆ మాటలు ఆగలేదు. దాంతో 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో రెండు జబ్బులూ ఉన్నవాళ్లే ‘డబుల్ ట్రబుల్ ఇన్ రికవరీ’ పేరుతో విడిగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ గ్రూపులకు క్రమంగా వచ్చేవాళ్లు మానసిక వైద్యుడు రాసిన మాత్రలను కూడా ఎక్కువ క్రమంగా వేసుకుంటున్నారని తర్వాత పరిశోధకులు గమనించారు. మన దేశంలో చూస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బు అన్న నిర్వచనంలోనే చేర్చింది. చట్టం ఒకచోట చేర్చినదాన్ని మనం విడదీసి చూడాల్సిన పని లేదు.

ముందు ఇద్దరు కావాలి

ఒక్కరే మొదలుపెట్టకండి. ఈ జబ్బుల తీరే అంత: ఇవాళ బాగున్నవాళ్లకు వచ్చే నెల బాగుండకపోవచ్చు. ఒక్కరి మీదే నడిచే గ్రూపు ఆ ఒక్కరు మంచం పట్టిన వారమే ఆగిపోతుంది. కాబట్టి ఇద్దరు ఉండాలి. ఇద్దరూ కనీసం ఆరు నెలలుగా మాత్రలు తప్పకుండా వేసుకుంటూ, నిద్ర కుదురుకున్నవాళ్లయితే మంచిది. తాగుడు పూర్తిగా ఆగి ఏళ్లు గడిచి ఉండాలని నేను అనను. గ్రూపు బాధ్యత మీద పడ్డ రోజున కూడా తన డాక్టరు అపాయింట్‌మెంట్ మానుకోని మనిషై ఉంటే చాలు.

ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతారు? మీరు వెళ్లే డీ-అడిక్షన్ సెంటర్‌లో, ఓపీ బయట బెంచీల మీద, మీ ఊరి ఏఏ మీటింగ్‌లో. డాక్టరుకో, కౌన్సెలర్‌కో మీ ఫోన్ నంబరు రాసి ఇచ్చి, ‘ఇలాంటివాళ్లు వస్తే వాళ్లకు ఇష్టమైతేనే నాకు ఫోన్ చేయమనండి’ అని చెప్పండి. వాళ్ల నంబరు మీరు అడగకండి. పేషెంట్ల వివరాలు బయటికి ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది, డాక్టర్ని ఆ ఇరకాటంలో పెట్టొద్దు.

గ్రూపు ఎలా నడుస్తుందో తెలియదని బెంగపడకండి. డ్వాక్రా సంఘాలు నడిపిన ఊళ్లు మనవి. వారం వారం గుండ్రంగా కూర్చోవడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను నొప్పించకుండా మందలించడం, నాయకత్వం ఒకరి నుంచి ఒకరికి మారడం మీ అమ్మకో అక్కకో బాగా తెలిసిన పనులు. వాళ్లను అడిగి తెలుసుకోండి. ఒక్క తేడా గుర్తుంచుకోండి: సంఘంలో ప్రతిదీ పుస్తకంలో రాస్తారు, మన గ్రూపులో దాదాపు ఏమీ రాయకూడదు.

ఒక డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి

గ్రూపు వైద్యం కాదు. ఏదైనా తేడా చేసినప్పుడు పంపడానికి ఒక చోటు ముందే తెలిసి ఉండాలి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే టీమ్ ఉంటే వాళ్లను కలవండి. పెద్ద చికిత్స అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. మీ ఊరి నుంచి అక్కడికి ఏ బస్సు వెళ్తుందో, ఓపీ చీటీ ఎన్ని గంటలకు ఇస్తారో ఇద్దరిలో ఒకరు స్వయంగా వెళ్లి చూసి రండి. కంగారులో ఉన్న కుటుంబానికి అలాంటి చిన్న వివరమే పెద్ద సాయం.

డాక్టర్ని రెండు అడగండి. మూడు నెలలకోసారి వచ్చి ఒక గంట ప్రశ్నలకు జవాబులు చెప్పి వెళ్తారా? అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? డాక్టరు ప్రతి మీటింగ్‌లో కూర్చోకపోవడమే మంచిది. ఆయన ఎదురుగా ఉంటే మాత్రలు మానేసిన సంగతి ఎవరూ చెప్పరు.

గది, రోజు, వేళ

బోర్డు పెట్టని గది చూడండి. లైబ్రరీలో వెనక గది, బడి సెలవున్నప్పుడు ఒక క్లాసు గది, ఏదైనా ట్రస్టు హాలు, ఇలా ఎక్కడైనా సరే. గుడి హాలో, చర్చి గదో దొరికితే వద్దనక్కర్లేదు గానీ, వేరే మతం వాళ్లు లోపలికి రావడానికి సంకోచిస్తారేమో ముందే ఆలోచించండి. బస్టాండు నుంచి గదికి నడిచి వచ్చే దారిలో వైన్స్ ఉందా? ఉంటే ఆ గది వదిలేయండి. మీరు సరదాకి నడిచి చూస్తే ఆ దారి మామూలుగానే ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు, చేతులు వణుకుతుండగా, జేబులో కూలి డబ్బులతో నడిచే మనిషికి అలా ఉండదు.

వేళ విషయంలో చాలామంది ఆదివారం ఉదయం అంటారు. కానీ రాత్రి వేసుకునే మాత్రల మత్తు ఉదయం పదింటి దాకా వదలనివాళ్లు ఉంటారు, వాళ్లు రాలేరు. తాగాలన్న తలపు గట్టిగా లాగేది సాయంత్రం. అందుకే వారం మధ్యలో ఒక సాయంత్రం, ఆఖరి బస్సు అందేలా గంటన్నర పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే గది. వాన పడినా, ముగ్గురే వచ్చినా మీటింగ్ ఆగకూడదు. ఆరుగురి నుంచి పదిమంది దాకా ఉంటే అందరికీ మాట్లాడే వీలు ఉంటుంది. పన్నెండు దాటితే రెండు గ్రూపులు చేయండి.

మొదటి రోజు

కుర్చీలు గుండ్రంగా వేయండి, తలుపు దగ్గర రెండు ఖాళీగా ఉంచండి. భయంగా ఉన్నవాళ్లు, కాళ్లు ఒకచోట నిలవనివాళ్లు అక్కడ కూర్చుంటారు. వాళ్లు మధ్యలో లేచి బయటికి వెళ్లి వచ్చినా ఎవరూ తల తిప్పి చూడరు. టీ ముందే పోయండి, చివర్లో వద్దు. చేతిలో గ్లాసు ఉంటే మాట్లాడటం కొంచెం తేలికవుతుంది.

ప్రతి మీటింగ్ మొదట్లో ఎవరో ఒకరు ఈ నాలుగు మాటలు చదవాలి. మీ యాసలో మార్చుకోండి, కానీ ప్రతిసారీ చదవండి:

“ఈ గదిలో తాగుడు గురించి చెప్పుకోవచ్చు, మనసు గురించి చెప్పుకోవచ్చు, రెండూ కలిపి చెప్పుకోవచ్చు. ఇక్కడ ఎవరమూ డాక్టర్లం కాదు. మాత్రలు ఆపమనీ, తగ్గించమనీ ఎవరికీ చెప్పం. ఇక్కడ విన్నది బయట చెప్పం. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే మాత్రం దాచం, సాయం పిలుస్తాం. మాట్లాడాలని లేకపోతే ‘ఇవాళ వింటాను’ అంటే చాలు.”

ఆ తర్వాత ఒక చుట్టు. ఒక్కొక్కరు మూడు ప్రశ్నలకు జవాబు చెబుతారు: ఈ వారం నిద్ర ఎలా ఉంది, మాత్రలు వేసుకున్నారా, తాగడమో వాడటమో జరిగిందా. ఈ మూడూ ఒకే ఊపులో అడగడంలోనే గ్రూపు ప్రాణం ఉంది. నిద్ర ముందు అడగడానికి కారణం ఉంది. బైపోలార్ ఉన్నవాళ్లకు మూడు రాత్రులు నిద్ర తగ్గి, అయినా హుషారుగా ఉంటే, తర్వాతి వారం అప్పులు, గొడవలు, తాగుడు వరసగా వస్తాయని సభ్యులు తమ అనుభవం నుంచే చెబుతారు. ఇంకా తాగకముందే ఆ ముప్పును పట్టుకునేది నిద్ర ప్రశ్నే.

ఒక మీటింగ్ ఎలా నడుస్తుందో చూడండి. ముప్పై ఏళ్ల ఆటో డ్రైవర్ ఒకతను మూడో వారం కూడా ‘ఇవాళ వింటాను’ అన్నాడనుకోండి. ‘పర్లేదు తమ్ముడూ’ అని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలి. అతని మీద చూపు ఆపకూడదు. చుట్టు పూర్తయ్యాక, ఒక పెద్దాయన మానసిక జబ్బుకు వేయించుకునే తన ఇంజెక్షన్ తేదీ దాటిపోయిందని చెబుతుంటే, ఆటో డ్రైవర్ ఉన్నట్టుండి అంటాడు: “అన్నా, ఆ ఇంజెక్షన్ నాకూ వేస్తరు. అది వేసిన నాడు ఒళ్లంతా కొయ్య లెక్క అయితది. ఆ బిగుతు పోవాలనే కల్లు తాగుత. మా ఇంట్ల ఎవ్వలకీ చెప్పలే.” అప్పుడు మీరు చేయాల్సింది చాలా తక్కువ. ‘చెప్పినందుకు మంచిది. ఇంకెవరికైనా అలా అయిందా?’ అని అడగండి. ఇద్దరు చేతులెత్తుతారు. ఆ బిగుతుకు విడిగా మాత్ర ఉందని, డోసు మార్చడానికి వీలుంటుందని, డాక్టరుకు చెబితే చూస్తారని వాళ్లలో ఒకరు తన సంగతి చెబుతారు. తాగుడుకు కారణమేమిటో, దానికి దారేమిటో ఆ అయిదు నిమిషాల్లో బయటపడతాయి. తోటివాడు చెప్పినంత సులువుగా ఆ మాట ఇంకెవరూ చెప్పలేరు.

సలహాల వరద రాకుండా చూడండి. మన వాళ్లకు సలహా ఇవ్వడం అలవాటు, ప్రేమతోనే ఇస్తారు. ‘అడిగితేనే సలహా, అడక్కపోతే మన అనుభవం మాత్రమే’ అన్న నియమం పెట్టండి. ‘నువ్వు ఇలా చెయ్యి’ అని ఎవరైనా అంటే, ‘నీకు ఏం పనికొచ్చిందో చెప్పన్నా’ అని మెల్లగా మళ్లించండి.

మాత్రల గురించి గ్రూపుకు తెలిసి ఉండాల్సినవి

వైద్యం చేయడానికి కాదు గానీ, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలో తెలియడానికి కొన్ని సంగతులు అందరికీ తెలిసి ఉండాలి.

మొదటిది, చాలా ముఖ్యమైనది: రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి సొంతంగా మానేయకూడదు. ఆఖరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఒళ్లు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం మొదలైతే ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నిద్రమాత్రలు నెలల తరబడి వాడినవాళ్లు కూడా ఇలా ఉన్నట్టుండి మానేయకూడదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిసేవి డయాజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకక వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఎంతోమంది ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరింది అందుకే. కాబట్టి కొత్తగా వచ్చిన మనిషి ‘ఇవాళే మానేస్తా’ అంటే చప్పట్లు కొట్టకండి. ‘రేపు పొద్దున ఓపీకి కలిసి వెళ్దాం’ అనండి.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వేసుకునే సభ్యులకు ఎండాకాలం గండం. నీళ్లు తక్కువ తాగినా, వాంతులు విరేచనాలు అయినా, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. అప్పుడు చేతులు గట్టిగా వణుకుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసేవాళ్లకు తాగి వచ్చినట్టే ఉంటుంది. అతను తాగుబోతని ఊళ్లో పేరు ఉంటే ఇంకెవరూ మరో కారణం ఆలోచించరు. మీరు ఆలోచించండి. లిథియం వేసుకునే మనిషి తూలుతుంటే, వాసన వచ్చినా రాకపోయినా, ఆసుపత్రికి తీసుకెళ్లి లిథియం పరీక్ష చేయమని అడగండి.

స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వేసుకునేవాళ్లు బీడీ, సిగరెట్ ఒక్కసారిగా మానేస్తే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది. ఎందుకంటే పొగ దాన్ని త్వరగా కరిగిస్తూ ఉంటుంది, పొగ ఆగితే అదే డోసు ఎక్కువైపోతుంది. విపరీతమైన మత్తు, నోట్లో చొంగ, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. సిగరెట్ మానడం మంచి పనే, డాక్టరుకు ముందు చెప్పి మానాలి.

ఇక గోడల మీద కనిపించే ‘తాగేవారికి తెలియకుండా ఇచ్చి మాన్పించే మందు’ ప్రకటనలు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. అది గుండె మీదికి రావచ్చు. మానసిక జబ్బు ఉన్న కొందరిలో ఆ మాత్ర భ్రమలను కూడా పెంచుతుంది. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. కూరలో కలిపి పెట్టడం ప్రాణంతో చెలగాటం. మీ గ్రూపులోని ప్రతి కుటుంబానికీ ఈ మాట చేరాలి.

చివరిగా, తాగుడు మానిన మొదటి నెలలో దిగులు ఎక్కువగానే ఉంటుంది. అందులో కొంత మద్యం తెచ్చిపెట్టిన దిగులే, నాలుగు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా మిగిలినదానికి వైద్యం కావాలి. ‘మానినా ఇంతేనా’ అని ఆ నెలలో చాలామంది మళ్లీ సీసా పడతారు. ఆ నాలుగు వారాలూ రోజుకొకరు చొప్పున వాళ్లకు ఫోన్ చేసేలా గ్రూపులో వంతులు వేసుకోండి. ఆత్మహత్య ఆలోచన కనిపిస్తే మాత్రం నెల ఆగకూడదు.

తాగి వస్తే

గట్టి నియమం పెట్టాలని కొందరు అంటారు: తాగితే రావద్దు. నేను ఒప్పుకోను. తాగిన వారమే మనిషికి గ్రూపు ఎక్కువ అవసరం. నిన్న తాగినవాళ్లు తప్పకుండా రావాలి. ఇవాళే తాగి వచ్చినా, కుదురుగా కూర్చోగలిగితే కూర్చోనివ్వండి, వినమనండి, మాట్లాడే వంతు వచ్చే వారానికి వాయిదా వేయండి. అరుస్తుంటే, కొట్లాటకు దిగుతుంటే ఇద్దరు బయటికి తీసుకెళ్లి, టీ ఇప్పించి, ఇంటికి చేర్చాలి. ఒంటరిగా పంపకండి. మర్నాడు మధ్యాహ్నం ఒకరు ఫోన్ చేసి ‘బుధవారం వస్తున్నావు కదా’ అని మాత్రమే అడగాలి. సిగ్గుతోనే చాలామంది రావడం మానేస్తారు.

ఇన్నాళ్లు మానేశానని రోజులు లెక్కపెట్టి అభినందించే పద్ధతి చాలా గ్రూపుల్లో ఉంది. కొందరికి అది బలాన్నిస్తుంది. మన గ్రూపులో దానికి తోడు ఇంకో లెక్కను కూడా అభినందించాలి: ఓపీకి తప్పకుండా వెళ్లడం, జబ్బు ముదిరేలోపే తనంతట తాను డాక్టరు దగ్గరికి వెళ్లడం. తాగి, మర్నాడే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పిన మనిషి కూడా ఒక అడుగు ముందుకు వేసినట్టే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

సభ్యుల్లో ఎవరి మాటల్లోనైనా ‘ఇంక ఎందుకులే’, ‘నేను పోతే వాళ్లన్నా సుఖపడతారు’ లాంటివి వినిపిస్తే మాట మార్చకండి. సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, అడిగినవాళ్లు ఉన్నారన్న ఊరట వస్తుంది. అవునంటే, ఎలా అని ఆలోచించారేమో, దానికి కావలసినది దగ్గర ఉందేమో కనుక్కోండి. మన పల్లెల్లో పురుగుల మందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. దాన్ని ఆ రాత్రే పొరుగువాళ్ల ఇంటికి తరలించి తాళం వేయించండి. మాత్రలు కుటుంబం చేతిలో ఉంచి, ఏ రోజువి ఆ రోజే ఇవ్వమనండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు.

మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు అలవాట్ల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఈ రెండు నంబర్లూ, 108, డాక్టరు చెప్పిన ఫోన్ నంబరూ ఒక చిన్న కాగితం మీద రాసి, జిరాక్స్ తీసి అందరికీ ఇవ్వండి. ఫోన్‌లో సేవ్ చేసుకుంటే ఛార్జింగ్ లేని రాత్రి పనికిరాదు. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లడానికి కుటుంబం జంకితే ఈ మాట చెప్పండి: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

మాటలు వినిపిస్తున్నాయని, టీవీలో తన గురించే చెబుతున్నారని ఎవరైనా అంటే వాదించకండి, అవునని కూడా అనకండి. ‘చాలా భయంగా ఉన్నట్టుంది, నిద్రపోయి ఎన్ని రోజులైంది?’ అని అడగండి. గదిలో ఫ్యాన్ శబ్దం, ఒకరి మీద ఒకరు మాట్లాడటం తగ్గిస్తే చాలాసార్లు వాళ్లు కుదుటపడతారు. తర్వాత ఒకరు తోడు వెళ్లి కుటుంబంతో మాట్లాడి, వీలైనంత త్వరగా డాక్టరుకు చూపించాలి.

పండగలు, పెళ్లిళ్లు, దీక్షలు

సంక్రాంతి, బోనాలు, దసరా, డిసెంబరు 31, ఎన్నికల రోజులు, చుట్టాలింట్లో దినాలు. ఇవన్నీ మీ క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. పండగకు ముందు వారం ఒకే విషయం మాట్లాడండి: ఎవరు గ్లాసు అందిస్తారు, అప్పుడు ఏమంటారు. ‘డాక్టరు మాత్రలు రాశారు, దాని మీద తాగితే ప్రమాదమన్నారు’ అన్న జవాబును గట్టిగా నాలుగుసార్లు పలికించండి. నోటికి వచ్చిన మాటే అవసరానికి వస్తుంది.

అయ్యప్ప మాల వేసుకుంటే తాగుడు ఆగుతుందని చాలా ఇళ్లలో నమ్మకం, నిజంగానే ఆ 41 రోజులు ఆగుతుంది కూడా. దాన్ని తక్కువ చేయకండి. ఆ నియమం, ఆ తోడు స్వాములు ఎంతో బలం. కానీ మూడు జాగ్రత్తలు చెప్పండి. బాగా తాగే మనిషి మాలకు ముందే డాక్టరును కలిసి మెల్లగా మానాలి. ఒంటిపూట భోజనమైనా, దీక్షలో మాత్రలు ఆపకూడదు, ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడగాలి. మాల తీసిన రోజు సాయంత్రం గ్రూపులో ఒకరు వాళ్లింటికి వెళ్లాలి. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లకూ, ముఖ్యంగా లిథియం వేసుకునేవాళ్లకూ ముందే డాక్టరుతో మాట్లాడటం తప్పనిసరి.

ఆడవాళ్లు, కుటుంబాలు

ఆడవాళ్లు కలిసిన గ్రూపుకు రావడం కష్టం, వచ్చినా నోరు విప్పరు. కల్లు, నిద్రమాత్రలు, ఇంట్లో దెబ్బలు, కాన్పు తర్వాత వచ్చిన దిగులు మగవాళ్ల ముందు ఎవరు చెప్పుకుంటారు? ఇద్దరున్నా సరే వాళ్లకు విడిగా, పగటిపూట, పిల్లల్ని తీసుకురావడానికి వీలుగా పెట్టండి. నడిపేది కూడా ఆడవాళ్లే అయి ఉండాలి.

కుటుంబాలను అదే గదిలో కూర్చోబెట్టొద్దు. వాళ్లు వేరే రోజు విడిగా కలవాలి. వాళ్ల బాధ తక్కువది కాదు. కానీ భార్య ఎదుట భర్త, తల్లి ఎదుట కొడుకు మాత్రలు పారేశానని చెప్పడు.

ఫోన్లు, డబ్బులు

వాట్సాప్ గ్రూపు పెట్టేముందు ఆలోచించండి. ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్తుంది. పెడితే పేరు ‘బుధవారం టీ’ లాంటిది పెట్టి, మీటింగ్ వేళ తప్ప ఇంకేమీ పంపకూడదని సెట్టింగ్స్‌లోనే అడ్మిన్లకు పరిమితం చేయండి. ‘ఈ ఆకు రసం తాగితే మాత్రలు అక్కర్లేదు’ లాంటి ఫార్వర్డ్ ఒక్కటి చాలు ఆరు నెలల శ్రమ పాడుచేయడానికి.

టీ ఖర్చుకు డబ్బా ఒకటి పెట్టండి, ఇష్టమైనవాళ్లు వేస్తారు, ఎవరెంత వేశారో చూడకండి. సభ్యుల మధ్య చేబదుళ్లు వద్దు. చీటీలు, ఇన్సూరెన్సులు అమ్మడం, ఎన్నికల ప్రచారం, మత ప్రచారం వద్దు. చేబదులు తిరిగి ఇవ్వలేని మనిషి గ్రూపుకే రావడం మానేస్తాడు, అదే దాని అసలు నష్టం.

నడిపేవాళ్లకే తేడా చేస్తే

ఇది జరుగుతుంది, ముందే మాట్లాడుకుని పెట్టుకోండి. ఇద్దరు నడిపేవాళ్లూ ఒకరికొకరు రాతపూర్వకంగా ఇచ్చుకోవాలి: నాలో ఏ గుర్తులు కనిపిస్తే జబ్బు తిరగబెడుతున్నట్టు, అప్పుడు నువ్వు మా ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టరు. మూడు నెలలకోసారి ఒకరు దిగి కొత్తవారు బాధ్యత తీసుకుంటే ఎవరి మీదా మోయలేనంత బరువు పడదు. నడిపే మనిషి మళ్లీ తాగినా, ఆసుపత్రిలో చేరినా, తిరిగి వచ్చిన రోజు మామూలు సభ్యుడిగా ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి కూర్చోవాలి. సంజాయిషీ అడగొద్దు. ఆ వారం నుంచి చదివే కాగితం, గది తాళంచెవి రెండో మనిషి దగ్గర ఉంటాయి. మళ్లీ ఎప్పుడు బాధ్యత తీసుకోవాలో ఆయన, ఆయన డాక్టరు, మీరు కలిసి మూడు నెలల తర్వాత మాట్లాడుకోండి.